వాగు దాటితే జెర్సీ రంగు మారుతుంది!

ఐర్లాండ్‌లో పక్కపక్క ఊళ్ల గేలిక్ క్లబ్బుల పోటీ.. ఇప్పుడు మన పిల్లలూ అందులో ఉన్నారు

మూడేళ్ల క్రితం మేం ఇల్లు కొనుక్కున్నాం. ఆరేళ్లు అద్దెకున్న ఇంటికీ, కొత్త ఇంటికీ మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు. మధ్యలో చిన్న వాగు, దాని మీద పాత రాతి వంతెన. వంతెనకు ఇవతల కరెంటు స్తంభాలకు నీలం, పసుపు జెండాలు. అవతల ఎరుపు, తెలుపు. రోజూ అదే దారిలో స్టేషన్‌కు వెళ్లి డబ్లిన్ రైలెక్కేవాణ్ని. ఒక్కనాడూ ఆ రంగుల సంగతి పట్టించుకోలేదు. సామాను వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే మా పన్నెండేళ్ల అబ్బాయి అడిగాడు.. ‘నాన్నా, ఇక నేను ఎవరి తరఫున ఆడాలి?’ అని.

ఇదేం ప్రశ్న అని నవ్వాను. ఆ సాయంత్రమే పాత ఊరి కోచ్ ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలయ్యాక మెల్లగా అసలు సంగతికి వచ్చాడు. మర్నాడు కొత్త ఇంటి పక్కాయన యాపిల్ టార్ట్ పట్టుకుని వచ్చాడు. పది నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, అబ్బాయి హర్లింగ్ ఆడతాడా అని అడిగాడు. అప్పుడు నాకు అర్థమైంది. మేం మారింది ఇల్లు కాదు, పొలిమేర!

పారిష్ అంటే ఊరే

గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను ఇక్కడ అందరూ జీఏఏ అంటారు. 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, హేస్ హోటల్‌లో మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్ మొదలైనవారు కలిసి దీన్ని స్థాపించారు. బ్రిటిష్ పాలనలో ఐరిష్ ఆటలు మరుగున పడిపోతున్నాయన్న బాధ నుంచి పుట్టిన సంస్థ ఇది. సభ్యులను కూడగట్టడానికి వాళ్లు ఎంచుకున్న పునాది పారిష్. అంటే ఒక చర్చి పరిధిలోకి వచ్చే ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు. ఒకే బడిలో చదివి, ఒకే చర్చికి వెళ్లి, చివరికి ఒకే శ్మశానంలో చేరే జనం అన్నమాట. ఆ హద్దులు ఎక్కడో వాగు, ఎక్కడో రోడ్డు, ఎక్కడో ఒక రైతు పొలం గట్టు.

1888 ఏప్రిల్ 1న బిర్‌లో జరిగిన తొలి ఆలిండియా.. కాదు, ఆలైర్లాండ్ హర్లింగ్ ఫైనల్‌లో కూడా కౌంటీల పేరుతో ఆడినవి క్లబ్బులే. టిప్పరరీ తరఫున థర్లెస్, గాల్వే తరఫున మీలిక్. థర్లెస్ గెలిచింది. నేటికీ జీఏఏలో ఎంత పెద్ద ఆటగాడైనా ముందు తన ఊరి క్లబ్ మనిషి, తర్వాతే కౌంటీ మనిషి.

ఇంకో మాట. ఇక్కడ ఎవరికీ జీతం లేదు. 82 వేల మందికి పైగా పట్టే డబ్లిన్ క్రోక్ పార్క్ నిండిపోయే ఫైనల్ ఆడిన కుర్రాడు కూడా ఆ వారంలోనే బడిలో పాఠం చెప్పడానికో, పొలంలో పాలు పితకడానికో వెళ్లిపోతాడు. డబ్బు పెట్టి ఆటగాళ్లను కొనే పద్ధతి లేదు. ఉన్న ఊరి పిల్లలతోనే జట్టు. అందుకే పక్క ఊరి మీద గెలుపు అంటే, మా ఊరి పిల్లలు మీ ఊరి పిల్లల కంటే మేలు అని చెప్పడమే. కొనుక్కొచ్చిన జట్టు ఓడితే కోచ్‌ను మార్చవచ్చు. ఊరిని ఎలా మారుస్తారు?

కొత్తవారికి ఒక చిన్న వివరం. జట్టుకు 15 మంది. బంతి క్రాస్‌బార్ కింద నుంచి వలలోకి వెళితే గోల్, దానికి 3 పాయింట్లు. బార్ పైనుంచి వెళితే ఒక పాయింట్. 2025 నుంచి ఫుట్‌బాల్‌లో 40 మీటర్ల వంపుగీత అవతలి నుంచి తన్ని పైనుంచి పంపితే 2 పాయింట్లు ఇస్తున్నారు. పేపర్‌లో 1-14 అని స్కోరు కనిపిస్తే ఒక గోల్, 14 పాయింట్లు.. మొత్తం 17 అని లెక్క. ఇది తెలియక మొదటి ఏడాది నేను ఓడిన జట్టుకు చప్పట్లు కొట్టాను.

మొదటి క్లబ్బే పుట్టిల్లు

అబ్బాయి ప్రశ్నకు జవాబు వెతికితే తెలిసింది, ఇది అనుకున్నంత తేలిక కాదని. జీఏఏ నిబంధనల ప్రకారం ఆటగాడికి ఒక హోమ్ క్లబ్ ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా ఆ క్లబ్‌కు తిరిగి వచ్చే హక్కు అతనికి ఎప్పుడూ ఉంటుంది. ఆడపిల్లకు పుట్టిల్లు లాగా అనుకోండి. వేరే క్లబ్‌కు మారాలంటే బదిలీ దరఖాస్తు పెట్టుకోవాలి, కౌంటీ కమిటీ ఒప్పుకోవాలి. కొన్ని కౌంటీల్లో పారిష్ నిబంధన కఠినంగా ఉంటుంది. ఏ పారిష్‌లో ఉంటే ఆ క్లబ్‌కే ఆడాలి. కొన్నిచోట్ల, ముఖ్యంగా డబ్లిన్ లాంటి నగరంలో, వెసులుబాటు ఎక్కువ.

మా కౌంటీలో అబ్బాయికి రెండు దారులూ ఉన్నాయని తేలింది. పాత క్లబ్‌లోనే కొనసాగవచ్చు, లేదా కొత్త ఊరి క్లబ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిర్ణయం మాదే అనేసరికి కష్టం రెట్టింపైంది. ఆరేళ్ల వయసులో భాష సరిగా రాక, బడిలో ఓ మూలన కూర్చునే పిల్లాడిని చేయి పట్టుకుని మైదానంలోకి తీసుకెళ్లింది పాత ఊరు. రేపు బస్సు ఎక్కేది, సెకండరీ స్కూల్‌కు వెళ్లేది కొత్త ఊరి పిల్లలతో. ఏ పక్కన నిలబడినా రెండో పక్కవాళ్లకు పరాయివాడవుతాడేమో అని మా భయం. ఎక్కడికి వెళ్లినా పరాయితనం అంటే ఏమిటో తెలిసిన వలసవాళ్లం కదా!

ఒకే బడి, రెండు జట్లు

ఈ భయం మాకొక్కరికే కాదు, తరతరాలుగా ఇక్కడివాళ్లకూ ఉన్నదే. డెర్రీ కౌంటీలోని మహెరా పట్టణం చూడండి. అక్కడి క్లబ్ వాటీ గ్రాహమ్స్ గ్లెన్. పక్కనే కొండ వాలున ఉన్న చిన్న పల్లె స్లాట్‌నీల్. రెండు చోట్ల పిల్లల్లో చాలామంది చదివేది మహెరాలోని సెయింట్ పాట్రిక్స్ కాలేజీలోనే. పల్లె చిన్నదైనా పట్టణం మీద పైచేయి సాధించింది. స్లాట్‌నీల్ 2014 నుంచి 2017 వరకు వరుసగా నాలుగుసార్లు డెర్రీ ఫుట్‌బాల్ విజేత. 2015, 2017లలో ఆలైర్లాండ్ క్లబ్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఊరి అమ్మాయిలు క్యామోగీలో, అంటే మహిళల హర్లింగ్‌లో, 2017 నుంచి 2019 వరకు వరుసగా మూడు ఆలైర్లాండ్ క్లబ్ కప్పులు తెచ్చారు.

గ్లెన్ పరిస్థితి వేరు. 2021 దాకా వాళ్లకు సీనియర్ ఫుట్‌బాల్‌లో ఒక్క కౌంటీ కప్పు కూడా లేదు. పక్క ఊరి సంబరాలు చూస్తూ గడిపిన వాళ్లు, ఆ ఏడాది తొలిసారి గెలిచారు. ఫైనల్‌లో ఓడించింది ఎవరినో తెలుసా? స్లాట్‌నీల్‌నే. 2024 జనవరిలో గ్లెన్ ఏకంగా ఆలైర్లాండ్ క్లబ్ విజేత అయింది.

ఇక్కడే అసలు విశేషం ఉంది. కౌంటీ జట్టు విషయానికొస్తే వీళ్లంతా ఒక్కటే. డెర్రీ 2022లో, దాదాపు పాతికేళ్ల తర్వాత అల్‌స్టర్ కప్పు గెలిచినప్పుడు నాయకుడు స్లాట్‌నీల్‌కు చెందిన క్రిస్సీ మెకేగ్. మరుసటి ఏడాది మళ్లీ గెలిచినప్పుడు నాయకుడు గ్లెన్‌కు చెందిన కానర్ గ్లాస్. మైదానం నడిమధ్యలో అతనికి జోడీగా ఆడింది స్లాట్‌నీల్ ఆటగాడు బ్రెండన్ రాజర్స్. ఎండాకాలంలో భుజం భుజం కలిపి ఆడినవాళ్లే, చలి మొదలయ్యేసరికి ఎదురెదురుగా నిలబడి భుజాలు ఢీకొంటారు. సంక్రాంతికి బండలాగుడు పోటీల్లో పక్క ఊరి ఎడ్లను ఓడించాలని పట్టుబట్టి, పెళ్లికి అదే ఊరి నుంచి కోడలిని తెచ్చుకునే మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఆడింది ఒక ఊరికి, నిద్రించేది మరో ఊళ్లో

నగరంలో ఈ పోటీ ఎలా ఉంటుందో చూడాలంటే కార్క్ వెళ్లాలి. అక్కడ హర్లింగ్‌లో మూడు పెద్ద క్లబ్బులు. ఉత్తరాన బ్లాక్‌పూల్ పేటలో గ్లెన్ రోవర్స్, దక్షిణాన బ్లాక్‌రాక్, సెయింట్ ఫిన్‌బార్స్. 1916లో పుట్టిన గ్లెన్ రోవర్స్ 1934 నుంచి 1941 వరకు వరుసగా ఎనిమిదిసార్లు కౌంటీ కప్పు గెలిచి నగరం ఉత్తర భాగానికి తలెత్తుకునే గర్వం ఇచ్చింది. తర్వాతి కాలంలో ఐర్లాండ్ ప్రధాని అయిన జాక్ లించ్ ఆ క్లబ్ ఆటగాడే. 1941 నుంచి 1946 వరకు ఏటా ఒక ఆలైర్లాండ్ పతకం సాధించాడు. అందులో ఐదు హర్లింగ్‌వి, ఒకటి ఫుట్‌బాల్‌ది.

అదే క్లబ్‌లో హర్లింగ్ చరిత్రలోనే మేటి అని చాలామంది చెప్పే క్రిస్టీ రింగ్ కూడా ఆడాడు. అతను బ్లాక్‌పూల్ వాడు కాదు. కార్క్‌కు తూర్పున ఉన్న క్లోయిన్ పల్లెవాడు. 1941లో ఊరి క్లబ్ వదిలి గ్లెన్ రోవర్స్‌లో చేరాడు. ఆ క్లబ్‌కు 14 కౌంటీ కప్పులు, కార్క్ కౌంటీకి 8 ఆలైర్లాండ్ కప్పులు గెలవడంలో పాలుపంచుకున్నాడు. 1979లో చనిపోయినప్పుడు నగరం వీధుల్లో జనం కిక్కిరిసిపోయారు. అంత్యక్రియలు జరిగింది మాత్రం క్లోయిన్‌లోనే. సమాధి దగ్గర మాట్లాడింది అప్పటి ప్రధాని, పాత సహచరుడు జాక్ లించ్. జీవితమంతా ఒక ఊరికి ఆడి, చివరికి పుట్టిన ఊరి మట్టిలో కలిసిన మనిషి. రెండు ఊళ్లూ ఆయన మావాడే అంటాయి. రెండూ నిజమే. ఈ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

పట్టుదల శ్రుతి మించితే

అంతా ఆదర్శమే అనుకుంటే పొరపాటు. పక్క ఊళ్ల మ్యాచ్‌లలో తోపులాటలు జరుగుతాయి. గట్టు మీద నిలబడిన తండ్రులు, పదహారేళ్ల పిల్లాడిని అనకూడని మాటలు అంటారు. రిఫరీ కూడా జీతం లేని మనిషే అన్న సంగతి మరిచిపోయి తిడతారు. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట ఒక ఫైనల్‌లో జరిగిన అన్యాయం తలచుకుని నేటికీ పలకరించుకోని కుటుంబాలు ఉంటాయి. సంబరం కూడా హద్దు దాటుతుంది. కోవిడ్ కాలంలో, 2020 అక్టోబర్ 4 ఆదివారం కార్క్ ఫైనల్‌లో బ్లాక్‌రాక్ గ్లెన్ రోవర్స్‌ను అదనపు సమయంలో ఓడించి, 2002 తర్వాత తొలిసారి కప్పు గెలిచింది. ఆ వారాంతంలో పలుచోట్ల ఫైనల్స్ తర్వాత జనం గుంపులుగా వీధుల్లోకి వచ్చారు. మరుసటి రోజే జీఏఏ దేశమంతటా క్లబ్ మ్యాచ్‌లను నిలిపేసింది.

మరోపక్క, చాలా పల్లెల్లో అసలు పోటీకే పిల్లలు కరవవుతున్నారు. ఉద్యోగాల కోసం యువత డబ్లిన్‌కో, ఆస్ట్రేలియాకో వెళ్లిపోతే 15 మందిని కూడగట్టడమే గగనం. నూరేళ్లుగా ఒకరినొకరు ఓడించాలని చూసిన రెండు ఊళ్లు, పిల్లల జట్ల కోసం చేతులు కలపక తప్పని రోజులు వచ్చాయి. పల్లెలు ఖాళీ అవడం ఎలా ఉంటుందో మన తెలుగు ఊళ్ల నుంచి వచ్చినవారికి వేరే చెప్పక్కర్లేదు. నగరంలో దీనికి పూర్తిగా తలకిందులు. పిల్లలు ఎక్కువ, మైదానాలు తక్కువ. లూకన్, బ్లాంచర్డ్‌స్టౌన్, క్యాసిల్‌నాక్ వంటి మన వాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల శనివారం పొద్దున్నే మైదానం నిండా పిల్లలే.

మన పిల్లల సంగతి

2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లాండ్‌లో భారత పౌరులు 45 వేలకు పైగా ఉన్నారు. వారిలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. శనివారం తెలుగు బడి, సంగీతం, క్రికెట్.. వీటి మధ్య జీఏఏ ఎందుకు అని అడిగేవారు ఉన్నారు. నా జవాబు ఒక్కటే. ఊరు మనల్ని గుర్తుపట్టే చోటు అదే.

బయటి నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ చోటు లేదనుకోనక్కర్లేదు. వెక్స్‌ఫర్డ్ హర్లింగ్ తార లీ చిన్ తండ్రి మలేసియా నుంచి వచ్చినవారు. కార్క్ హర్లింగ్ నాయకుడిగా ఆలైర్లాండ్ కప్పు ఎత్తిన షాన్ ఓగ్ ఓ హాల్పిన్ తల్లిది ఫిజీ. ఇరాక్‌లో శరణార్థి శిబిరంలో పుట్టిన కుర్దు కుర్రాడు జాక్ మొరాది డబ్లిన్ తాలాలో థామస్ డేవిస్ క్లబ్‌కు ఆడుతూ, లీట్రిమ్ కౌంటీ తరఫున 2019లో క్రోక్ పార్క్‌లో కప్పు అందుకున్నాడు. 2020 జులైలో అదే క్రోక్ పార్క్‌లో బక్రీద్ నమాజ్ కూడా జరిగింది.

2025 వేసవిలో డబ్లిన్‌లో మనవాళ్లపై దాడులు జరిగినప్పుడు ప్రతి ఇంట్లో భయం కమ్ముకుంది. సాయంత్రం పిల్లల్ని ఒంటరిగా పంపడానికి వెనకాడాం. ఆ రోజుల్లో క్లబ్ కోచ్‌లు, తోటి తల్లిదండ్రులు ఫోన్ చేసి, పిల్లాడిని మేమే తీసుకెళ్లి దింపుతాం అన్నారు. ఇది చట్టం ఇచ్చే రక్షణ కాదు, ముఖపరిచయం ఇచ్చే ధైర్యం.

కొత్తగా చేర్పించే తల్లిదండ్రులకు అనుభవంతో చెప్పే నాలుగు మాటలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు గో గేమ్స్ పద్ధతి ఉంటుంది. వచ్చిన ప్రతి పిల్లాడికీ ఆడే అవకాశం ఇస్తారు, గెలుపోటముల పట్టికలు ఉండవు. భయపడకుండా పంపవచ్చు. వేసవిలో కూల్ క్యాంపులు మంచి మొదలు. హర్లింగ్‌కు ముఖకవచం ఉన్న హెల్మెట్, ఫుట్‌బాల్‌కు దంతాల రక్షణ కవచం తప్పనిసరి. ఇల్లు కొనేముందు బడి, స్టేషన్‌తో పాటు అది ఏ క్లబ్ పరిధో కూడా అడగండి. నేను అడగలేదు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లాడిని దింపి కారులో కూర్చోకండి. కోన్‌లు పరచండి, టీ కాయండి, చలిలో గట్టు మీద నిలబడండి. ఊరు మనల్ని ఆ గట్టు మీదే చూస్తుంది.

వాగుకు రెండు వైపులా

చివరికి మా అబ్బాయి పాత క్లబ్‌లోనే ఉంటానన్నాడు. మరుసటి ఏడాది అండర్-14లో మొదటి మ్యాచ్ ఎవరితోనో మీరే ఊహించండి. ఉదయం ఒకే బస్సులో బడికి వెళ్లిన పిల్లలు, సాయంత్రం ఎదురెదురు జెర్సీల్లో దిగారు. పక్కింటాయన మనవడే మావాడిని కాపు కాశాడు. మావాళ్లు ఓడిపోయారు. మావాడు మూడు రోజులు ఆ పక్కింటి వైపు చూడలేదు. నాలుగో రోజు ఇద్దరూ మా గోడకు బంతి కొడుతూ కనిపించారు.

గత శీతాకాలం గుంటూరులో మా నాన్నగారు పోయారు. కబురు తెల్లవారుజామున వచ్చింది. నేను ఆ మధ్యాహ్నమే విమానం ఎక్కాను. నా భార్యది ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు, పిల్లలు ఇద్దరు. పదిహేను రోజులు నేను లేను. ఆ పదిహేను రోజులూ పాత ఊరి కోచ్ వాగు దాటి వచ్చి అబ్బాయిని ప్రాక్టీస్‌కు తీసుకెళ్లాడు. కొత్త ఊరి క్లబ్‌వాళ్లు వంతులు వేసుకుని పూటపూటకూ భోజనం తెచ్చిచ్చారు. మాంసం తినకూడని రోజులని తెలుసుకుని కూరగాయల సూప్, బ్రెడ్ పట్టుకొచ్చారు. ఎవరు ఏ రోజు వస్తారో రెండు క్లబ్బులవాళ్లూ మాట్లాడుకుని చీటీ రాసుకున్నారట. ఇక్కడ చావు దగ్గర రంగులు ఉండవని అంతకుముందు విన్నాను. శవపేటిక వెంట రెండు జట్లూ బారులు తీరి నడవడం చూశాను కూడా. మా ఇంటి దాకా వచ్చినప్పుడుగానీ దాని విలువ తెలియలేదు.

తిరిగొచ్చాక కృతజ్ఞతలు చెబితే పక్కింటాయన మాట మార్చేశాడు. మా ఎనిమిదేళ్ల అమ్మాయి బాగా పరుగెడుతోంది, క్యామోగీకి పంపరాదా అన్నాడు. పంపాం. తన మొదటి క్లబ్ ఈ ఊరిదే.

ఇప్పుడు మా ఇంట్లో బట్టలు ఆరేసే తీగ మీద నీలం పసుపు జెర్సీ ఒకటి, ఎరుపు తెలుపు జెర్సీ ఒకటి ఉంటాయి. కౌంటీ పోటీలు దగ్గర పడ్డాయి. ఇంటి ముందు ఏ జెండా కట్టాలో అన్నాచెల్లెళ్ల మధ్య ఇంకా తెగలేదు.